వేలిముద్ర లేని కాగితం

"మీ ఇంటాయన నా కండ్ల ముంగటనే రెండు దోసిళ్లు బోరు నీళ్లు తాగిండమ్మా. కొబ్బరినీళ్ల లెక్కున్నయ్ అన్నడు" అన్నాడు సుదర్శన్‌రావు.

సలీమా చప్పున తలెత్తింది. బురఖా ముసుగు వెనక్కి వేసుకుని ఉండడంతో ఆమె ముఖం పాలిపోవడం నాకు స్పష్టంగా కనిపించింది. నేనూ అదిరిపడ్డాను. కానీ డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకున్నవాడు అదిరిపడ్డట్టు కనిపిస్తే ఇక అడగాల్సినవి అడగలేడు. రుమాలు తీసి మెడ తుడుచుకుంటూ గోడ గడియారం వైపు చూశాను. ఒంటిగంటా నలభై అయింది.

నాలుగు గంటలకు ఈ ఊళ్లో కొత్త మంచినీళ్ల టాంకీ మొదలవుతుంది. లక్సెట్టిపేటకు మూడు మైళ్ల దూరంలో ఉన్న సింగన్నపల్లె ఇది. మూడు వందల గడప. సుదర్శన్‌రావు తన పొలంలో మూడో నంబరు బోరు వేయించి ఊరికి ఇచ్చాడు. ఆ నీళ్లు తాగడానికి పనికొస్తాయని చెప్పే కాగితం ఒకటి ఉంది. దాని మీద సంతకం వాహెద్‌ది. నీళ్ల పరీక్షల ఆఫీసు తరఫున ఊరూరా తిరిగి సీసాల్లో నీళ్లు పట్టుకెళ్లడం అతని ఉద్యోగం. పోయిన సోమవారం ఇక్కడికి వచ్చాడు. మంగళవారం తెల్లారి ఇదే సుదర్శన్‌రావు వ్యవసాయ బావిలో శవమై తేలాడు.

అతని భార్యే సలీమా. నిన్న కరీంనగర్‌లో నా గది తలుపు తట్టి, కూర్చోమన్నా కూర్చోకుండా చెప్పింది: "ఇద్దత్‌ల ఉన్న ఆడది నాలుగు నెలల పది దినాలు గడప దాటొద్దని మా పెద్దలు కోపం చేసిన్రు సాబ్. ఐనా వచ్చిన. సింగన్నపల్లె బోరు నీళ్లు మందు వాసన కొడుతున్నయట, రేపు పోయి చూస్త అని ఆదివారం నాడు మా ఆయన అన్నడు. గిప్పుడేమో వాసన లేదు, మంచిగున్నయని ఆయన సంతకంతోని కాయితం వచ్చింది. గా సంతకాన్ని నమ్మి ఊరంత తాగుతది. ఏమన్న అయితే పాపం ఎవల మీదికొస్తది? సచ్చినోని మీదికి."

అందుకే వచ్చాను. నేను వస్తానని తెలిసి సర్కిల్ ఇన్‌స్పెక్టర్ పర్శరాములు నాకంటే ముందే వచ్చి సుదర్శన్‌రావు దొర వరండాలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. నేను పోలీసు ఉద్యోగంలో ఉన్న రోజుల్లో నా చేతి కింద పనిచేసినవాడే. మనిషి చెడ్డవాడు కాదు. మూసేసిన కేసును మళ్లీ తెరవాలంటే మాత్రం అతనికి ఒళ్లు బరువు.

మేం కూర్చోగానే సుదర్శన్‌రావు తల్లి రుక్మాబాయి పళ్లెంలో మూడు గ్లాసుల నీళ్లు తెచ్చింది. డెబ్బై దాటిన మనిషి. కొడుకు ఊరికి నీళ్లిస్తున్నాడన్న సంబరం ఆమె నడకలోనే తెలుస్తోంది. పర్శరాములు ఒక గ్లాసు గటగటా తాగేసి ముక్కు ఎగబీల్చాడు.

"ఏందో వాసన వస్తున్నదవ్వా."

"వట్టివేర్లు ఏసిన బిడ్డా, సల్లగుంటయని. ఇంకోటి తాగు" అంది ముసలమ్మ. రెండోదీ తాగేశాడు.

సలీమా రోజా ఉపవాసంలో ఉంది, ముట్టలేదు. రోజా ఉన్నవాళ్ల పక్కన కూర్చుని గుటకలు వెయ్యొద్దని చిన్నప్పుడు మా బాపు నేర్పిన మర్యాద. నా గ్లాసు స్టూలు మీద అలాగే ఉంచాను. ముసలమ్మ చిన్నబుచ్చుకుని లోపలికి వెళ్లింది.

నేను దొర వైపు తిరిగాను. "ఎన్నింటికి తాగిండు?"

"రెండున్నరకు. నేను గడియారం చూసుకున్న."

"తర్వాత?"

"కాయితం మీద రంగు, వాసన, రుచి అన్నీ నింపి, నా ముందటనే సంతకం పెట్టి ఇచ్చిండు. మూడు గంటల బస్సుకు పోతనన్నడు. నేను ఇంటికొచ్చిన. తెల్లారి మా జీతగాడు బావిల చూసిండు."

"సంతకం పెట్టేటప్పుడు చేతులు తడి ఉండెనా?"

"దోసిళ్లతోని తాగిన చేతులు తడి ఉండవా? గదేం సవాలు!"

ఆ కాగితం పొద్దున్నే ఆఫీసులో అడిగి తెచ్చుకున్నాను. తీసి చూశాను. ఇంకు సంతకం. ఒక్క అక్షరం కూడా చెదరలేదు.

పర్శరాములు విసుక్కున్నాడు. "లక్ష్మీకాంతన్నా, నువ్వు కాయితం దగ్గర పట్టుకొని చూస్తే సచ్చినోడు లేస్తడా? నీళ్లు మింగి సచ్చిండని పోస్టుమార్టంల ఉన్నది. తలకు బావి రాయి తగిలింది. ఐపోయింది కథ."

"నీ పంచనామల ఎట్ల పడ్డడని రాసినవ్?"

"రోజా ఉన్నడు, ఎండల తిరిగిండు, నీరసమొచ్చి కండ్లు తిరిగి పడ్డడు."

"రోజా ఉన్నడని నువ్వే రాసినవ్. రెండున్నరకు రెండు దోసిళ్లు తాగిండని దొర అంటున్నడు. రెండున్నరకు తాగినోడు మూడింటికి రోజా ఎట్ల ఉంటడు పర్శరాములూ? ఇద్దర్ల ఒక్కలదే నిజం. నీదా, దొరదా?"

పర్శరాములు కాలర్ వదులు చేసుకున్నాడు. అతని మెడ ఎర్రబడింది. సుదర్శన్‌రావు మాత్రం తడుముకోలేదు.

"ఎండకు తాళలేక ఇడిసిపెట్టిండు. నేనే తాగుమన్న. మనిషి పానం కన్నా ఎక్కువనా?"

"జూట్!" సలీమా గొంతు వరండా అంతా వినిపించింది. "జరమొచ్చినప్పుడు గూడ ఆయన రోజా ఇడువలే. రంజాన్ నెలల నీళ్ల రుచి ఆయన చూడడు. గా బోరు కాడ ఎవలుంటే గాళ్లకు ఒక గుక్క ఇచ్చి, ఎట్లున్నయని అడిగి, గాళ్ల పేరు రాసుకుంటడు. చదువు రానోళ్లయితే ఏలిముద్ర ఏపిచ్చుకుంటడు. సంతకాలైతే తెల్లారక ముందు సహర్ బువ్వ కాడనే, ఇంట్ల కూసుండి పెట్టుకుంటడు. సీసలు కడిగి కడిగి చేతులు తడైతయ్, సిరా అంటుతదని. గా సోమవారం నాడు ఐదు ఖాళీ కాయితాల మీద పెట్టిండు. లాంతరు నేనే పట్టుకున్న."

నేను ఇంకో నాలుగు కాగితాలు తీసి స్టూలు మీద పరిచాను. శనివారం చొప్పదండిలో తీసినది ఒకటి. సోమవారం పొద్దున లక్సెట్టిపేట చుట్టుపక్కల తీసినవి మూడు. రుచి అని ఉన్నచోట చొప్పదండి కాగితంలో 'చప్పగా – కనకవ్వ' అని రాసి పక్కన వేలిముద్ర. రెండోదాంట్లో 'కొంచెం ఉప్పగా – కమలవ్వ', వేలిముద్ర. మిగతా రెండింట్లోనూ అంతే. సింగన్నపల్లె కాగితంలో మాత్రం 'తియ్యగా' అని ఉంది. పేరు లేదు, వేలిముద్ర లేదు.

"ఆ పొద్దు ఐదు సంతకాలు. లక్సెట్టిపేటవి మూడు, ఇది ఒకటి. నాలుగే లెక్కకొచ్చినయ్. ఐదోది ఏది దొరా?" అని అడిగాను.

"నన్నడుగుతవేంది? నీళ్లల్ల తడిసి పోయిందేమో!" ఆయన లేచి నిలబడ్డాడు. "సీఐ సాబ్, ఇంకో రెండు గంటలైతే టాంకీ కాడికి పెద్దమనుషులొస్తరు. గీ పంచాయితీ ఏంది నాకు?"

"బోరు చూపించు, పోతం" అన్నాను.

ఎండ మాడ్చేస్తోంది. దొర రాలేదు. పర్శరాములు గొణుక్కుంటూ వచ్చాడు. దారిలో రెండుసార్లు నుదురు నొక్కుకున్నాడు. "తలకాయ పలుగుతున్నదన్నా నీ పుణ్యమా అని" అన్నాడు. సలీమా మా వెనకాలే నడిచింది. వద్దన్నాను, వినలేదు.

ముందు బావి వచ్చింది. రాతి కట్టు, దిగడానికి మెట్లు, అడుగున తేట నీళ్లు. సలీమా అంచున నిలబడి కిందికి చూసింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నీళ్లలో వేలెడేసి పరక చేపలు గుంపులుగా తిరుగుతున్నాయి. ఆమె వాటినే చూస్తూ చాలాసేపు నిలబడిపోయింది.

బావికి నలభై అడుగుల దూరంలో మూడో నంబరు బోరు ఉంది. పైపు కింద, పరీక్షకని వదిలిన నీళ్లు ఒక గుంటలో నిలిచాయి. ఆ గుంటలో తెల్లటి పొట్టలు పైకి పెట్టి కప్పలు తేలుతున్నాయి. పదకొండు లెక్కపెట్టి ఆపేశాను. గట్టు మీద ఒక గోరింక రెక్కలు పరిచి చచ్చిపడి ఉంది. నీళ్లు పారిన వంకాయ మడిలో ఒక్క చీమ కూడా కదలడం లేదు.

"ఎండకు సచ్చినయ్" అన్నాడు పర్శరాములు. కానీ గొంతులో మునుపటి బలం లేదు.

"నలభై అడుగుల అవతల చేపలు బతికినయ్. ఎండ ఇక్కడనే కొట్టిందా?"

గుంటకు నాలుగడుగుల పక్కన నేల గుండ్రంగా కుంగి ఉంది. పాత బావిని పూడ్చిన చోటు అది. కట్టెతో మట్టి గీకాను. తుప్పు పట్టిన డబ్బా అంచు తగిలింది. ఇంకాస్త గీకితే పుర్రె బొమ్మ కనిపించింది. గప్పున వాసన కొట్టింది. పత్తికి కొట్టే ఎండ్రిన్. ఒకటి కాదు, డబ్బా కింద డబ్బా పేర్చినట్టున్నాయి. సుదర్శన్‌రావుకు ఒకప్పుడు మంచిర్యాలలో పురుగుమందుల దుకాణం ఉండేదని పొద్దున్నే విన్నాను. అమ్ముడుపోక తారీఖు దాటిన మందు ఎక్కడికి పోయిందో ఇప్పుడు నా కళ్ల ముందే ఉంది.

"నా మాట ఇను బాంచెన్, నా మాట ఇను!"

గడ్డి మోపు పక్కన పడేసి ఒక ఆడమనిషి పరుగెత్తుకొచ్చి సలీమా ముందు కూలబడింది. దొర పొలంలో కూలి చేసే కొమురవ్వ.

"బావిల పడ్డాయన నీ పెనిమిటేనా అవ్వా? బోరు మోటరు ఏసి, పది నిమిషాలు నీళ్లు ఇడిసిపెట్టి, అటెంక నన్ను పిలిచిండు. తను ఉపాసమున్నడట, నన్ను జర నోట్లె ఏసుకొని రుచి చెప్పమన్నడు. ఏసుకున్న. నాలుక మొద్దువారింది. పత్తి మందు వాసన గుప్పుమన్నది. థూ అని ఉమ్మేసిన. గాయన నా చెయ్యి పట్టుకొని ఉరికిచ్చి, బావి కాడ నోరు పుక్కిలిపిచ్చిండు. కాయితం మీద నా పేరు రాసి ఏలిముద్ర ఏపిచ్చుకున్నడు. గీ నీళ్లు తాగనీకె కాదు, పొలానికి గూడ పెట్టొద్దు అన్నడు. అంతల్నే దొర వచ్చిండు. బర్రెను తోలుకపో అని నన్ను ఎల్లగొట్టిండు."

"ఎన్నింటికి?"

"రెండింటి బడి గంట కొట్టినంక జరసేపటికి. నేను పోతాంటె కొట్లాట ఇనపడ్డది. తెల్లారి సూస్తె..." ఆమె నోట్లో కొంగు కుక్కుకుంది. "దొర భూమి మీద బతికేటోళ్లం. నోరిప్పలే. నన్ను మన్నించు తల్లీ."

సలీమా ఆమె భుజం మీద చెయ్యి వేసింది. పర్శరాములు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. మూసేసిన కేసు మొత్తం అతని ముఖంలో తెరుచుకోవడం చూశాను.

ఇంటికి తిరిగొచ్చేసరికి మూడు గంటల పది నిమిషాలు. సుదర్శన్‌రావు సభకని తెల్లటి ధోతి కట్టుకుని వరండాలో పచార్లు చేస్తున్నాడు. డబ్బాల మాట చెప్పాను. కొమురవ్వ మాట చెప్పాను. ఆయన నవ్వాడు.

"ఖాళీ డబ్బాలు పూడిపిచ్చిన, తప్పేంది? కొమురవ్వకు మతిలేదు, ఊరంత ఎరుక. లాబ్ రిపోర్టు చూడు. వాహెద్ సంచిల దొరికిన సీస గదే బోరుది. పాసయింది."

"సీసా మీద చీటీ బోరుది. నీళ్లు బావివి. నింపినోడు వాహెద్ కాదు" అన్నాను. "ఇంకో ముచ్చట చెప్పాల్నా? బోరు నీళ్లే పోసినా లాబ్ పాస్ చేస్తుండె. గాళ్లు చూసేది ఉప్పు, సున్నం, ఫ్లోరైడు. మంచినీళ్లల్ల పత్తి మందు ఉంటదని ఎవలూ దేవులాడరు. దాన్ని పట్టేది మనిషి ముక్కు, మనిషి నాలుక. వాహెద్ కాయితంల గా రెండు మాటలే ఉన్నయ్. గందుకే గా కాయితం మాయమైంది. సంచిల మిగిలిన, ముందే సంతకం పెట్టిన ఖాళీ కాయితం మీద నువ్వు తియ్యగా అని రాసుకున్నవ్."

"రుజువేది?"

పర్శరాములు నా చెవి దగ్గరికి వంగాడు. "అన్నా, నేను నమ్ముతున్న. కానీ కూలామె మాటతోని టాంకీ ఆపిచ్చి, రేపు అబద్ధమైతే నా కొలువు పోతది. చేతికి దొరికేది ఒక్కటన్న కావాలె."

నా దగ్గర లేదు. డబ్బాలు తవ్వించి, నీళ్లు హైదరాబాదు పంపించి, జవాబు వచ్చేసరికి వారం పడుతుంది. నాలుగింటికి యాభై నిమిషాలు కూడా లేవు. ఇంత తెలిసీ చేతులు కట్టుకుని నిలబడాల్సి వచ్చినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

అప్పుడే రుక్మాబాయి బయటికి వచ్చింది. స్టూలు మీద నా గ్లాసు నిండుగా అలాగే ఉంది.

"గిప్పటికీ తాగలేవా బిడ్డా? మా ఇంట్ల నీళ్లు చేదా? ఎండలపడి వచ్చినవ్" అని నొచ్చుకుంది. "పారబొయ్యొద్దు తియ్, గివి కొత్త బోరు నీళ్లు. పొద్దుగాల టాంకీ నింపి నల్లా తిప్పి చూస్తుంటే, నేనే పోయి మొదటి బిందె పట్టుకొచ్చిన."

గ్లాసు ఎత్తి పెదాల దగ్గర పెట్టుకుంది.

"అవ్వా! తాగకూ!"

అంత పెద్ద గొంతు ఆ మనిషిలో ఉందని నేను అనుకోలేదు. సుదర్శన్‌రావు ఒక్క దూకులో వచ్చి తల్లి చేతిని కొట్టాడు. గ్లాసు గోడకు తగిలి ఖంగుమని దొర్లింది. నీళ్లు ఆయన తెల్లటి ధోతి మీద పడ్డాయి. ఆయన వాటిని వెర్రిగా దులుపుకుంటున్నాడు.

దొర్లిన గ్లాసు పర్శరాములు బూటుకు తగిలి ఆగింది.

"ఎందుకు కొట్టినవ్ బిడ్డా?" అంది ముసలమ్మ, నొప్పి పెట్టిన మణికట్టు పట్టుకుని.

"చెప్పు దొరా. కొబ్బరినీళ్ల లెక్కున్నయంటివి గద" అన్నాను.

ఆయన నా మాట వినలేదు. తల్లి రెండు భుజాలు పట్టుకుని ఊపుతున్నాడు. "మన ఇంటికి బావి నీళ్లే తెమ్మని చెప్పిన గద! చెప్పిన్నా లేదా? ఎన్ని తాగినవే అవ్వా? ఎన్ని?"

"ఊరికి నువ్వు పెట్టిన నీళ్లు నేను తాగక ఎవలు తాగాలె?" ఆమెకు ఇంకా ఏమీ అర్థం కాలేదు. "పొద్దటి సంది గవే తాగుతున్న. అన్నం గూడ గా నీళ్లతోనే వండిన. పొద్దుగాల్నుంచి కడుపుల తిప్పుతున్నది, ఎండ అనుకున్న. గీ సీఐ సారుకు సుత రెండు గ్లాసులు పోస్తి గద."

పర్శరాములు తన కుర్చీ పక్కనున్న ఖాళీ గ్లాసు వైపు చూశాడు. తర్వాత తన చేతి వైపు చూసుకున్నాడు. వేళ్లు వణుకుతున్నాయి. పోలీసు ట్రైనింగ్‌లో మూడు కొండలు ఎక్కిదిగినవాడిలా చెమటలు కారుతున్నాయి.

"నాకేం కాలే" అన్నాడు. "ముందు టాంకీ బంద్ చెయ్యాలె." జేబులోంచి జీపు తాళం తీశాడు. అది జారి కింద పడింది. వంగి తీయబోయాడు. వేళ్లు తాళం మీద ముడుచుకోలేదు. ఇరవై ఏళ్లలో మొదటిసారి అతని కళ్లలో భయం చూశాను.

సుదర్శన్‌రావు నేల మీద కూలబడ్డాడు. "తవ్వుత అన్నడు. ఊరంత పిలిచి డబ్బాలు తవ్వి చూపెడత అన్నడు. టాంకీల గిన్ని నీళ్లు, కలిస్తె ఏం కాదనుకున్న. కాయితం గుంజుకుందామని నూకిన. గంతే. నూకిన, గంతే..." అంటూ తల్లి కాళ్లు పట్టుకున్నాడు. ముసలమ్మ గదవ అదరడం మొదలైంది.

"ఉప్పు నీళ్లు తాపి కక్కించాలె! నీళ్లు తెండి, ఉప్పు తెండి!" అని అరిచాను.

లోపలినుంచి పనిమనిషి కుండతో పరుగెత్తుకొచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది. కుండలో వట్టివేర్లు తేలుతున్నాయి. అవే నీళ్లు. వంటింట్లో బిందెలో ఉన్నవీ అవేనంది. ఇంటినిండా నీళ్లున్నాయి, ఒక్క గుక్క కూడా నోట్లో పోయడానికి లేదు.

దూరంగా టాంకీ వైపునుంచి డప్పులు వినిపించాయి. గడియారం చూశాను. మూడున్నర. పెద్దమనుషులు ముందే వచ్చినట్టున్నారు.

టాంకీ బంద్ చేయించడానికి నేను జీపు తాళం అందుకుని మెట్ల మీదికి దూకాను. నాకంటే ముందే సలీమా వరండా దిగింది. బురఖా పైకి దోపుకుని, మూల ఉన్న చేంతాడు, బకెట్టు చేతికి తీసుకుంది. అప్పుడే తిరిగి సుదర్శన్‌రావు ముఖంలోకి చూసింది.

"మా ఆయన పడ్డ బావి నీళ్లు తెస్త. చేపలు బతికే ఉన్నయ్. నేను చూసిన" అంది.

ఆ ఎండలో ఆమె బావి వైపు పరుగెత్తింది.